గుట్టకేక తిరిగిన తొమ్మిది నెలలు

పోయిన నెల పాస్‌పోర్టు కోసం దరఖాస్తు పెట్టుకున్నాను. ఈ వయసులో నాకు విదేశాల మోజేమీ లేదు కానీ, మా ఆవిడ తనతోపాటు రిటైరైన టీచర్లతో కలిసి శ్రీలంక చూసి రావాలని ముచ్చటపడింది. విచారణకు వచ్చిన కానిస్టేబులు మదనపల్లెలో మా డ్రిప్పు పైపుల అంగడి ముందు స్టూలు మీద కూర్చుని, నేనిచ్చిన కాగితాల అడుగున ఉన్న పాత పాస్‌పోర్టు తీసి, ఒక్కో పేజీ తిప్పుతూ ఆ ముద్రలన్నీ చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏం సార్, ఇన్ని దేశాలు తిరిగుండారే, అప్పుడేం యాపారం జేస్తా ఉన్నారు?" అని అడిగాడు.

డ్రమ్ములు వాయించేవాణ్ణి నాయనా, అన్నాను. పరాచికాలాడుతున్నాననుకుని ఆయన నవ్వి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ పూట అంగడిలో ఏ పనీ చేయలేకపోయాను.

నా ఈడువాళ్ళకు ఆ కాలం గుర్తుండే ఉంటుంది. వీధికొక ఇంట్లో టేప్ రికార్డరు ఉంటే ఆ ఇంటి అరుగు మీద పదిమంది కూర్చునేవాళ్ళం. బెంగుళూరు నుంచి ఎవరైనా ఇంగ్లీషు పాటల క్యాసెట్టు తెస్తే అది చేతులు మారి మారి, టేపు నలిగి, పాడేవాడి గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు వినిపించేదాకా వదిలేవాళ్ళం కాదు. అలాంటి రోజుల్లో పుంగనూరులో ఉండే మా మేనత్త కొడుకు బెంగుళూరుకు డిగ్రీ చదవడానికి వెళ్ళి, డిగ్రీ లేకుండా, ఒక ఎలక్ట్రిక్ గిటారుతో తిరిగొచ్చాడు. ఆయనకే మా అక్కను ఇచ్చారు. చిన్నప్పటినుంచీ అనుకున్న సంబంధమే కాబట్టి గిటారును చూసి ఎవరూ వెనక్కి తగ్గలేదు, మా నాన్న మాత్రం పెళ్ళిపందిట్లో కూడా దానివంక అనుమానంగా చూస్తూనే ఉన్నాడు.

మా నాన్న టమోటా మండీలో గుమస్తా. సెలవు రోజుల్లో నేను మండీకి పోయి ఖాళీ చెక్కపెట్టెలను వరసగా బోర్లించి రెండు పుల్లలతో వాయిస్తుండేవాణ్ణి. బావ అది చూసి, నన్ను బెంగుళూరు తీసుకుపోయి ఒక ముసలాయన దగ్గర రెండేళ్ళు డ్రమ్స్ నేర్పించాడు. బేస్ గిటారుకు బావ కాలేజీ స్నేహితుడు ఒకాయన కుప్పం నుంచి వచ్చేవాడు. వాళ్ళ నాన్నది రైల్వే ఉద్యోగం, పట్టాల పక్కనే పెరిగినందువల్లనో ఏమో ఆయనకు తాళం ఎన్నడూ తప్పేది కాదు. పుంగనూరులో బావ వాళ్ళ పట్టుపురుగుల షెడ్డు ఖాళీగా ఉన్న వారాల్లో అందులో సాధన చేసేవాళ్ళం. పక్క షెడ్డాయన తన పురుగులు మా రొదకు గూళ్ళు కట్టడం లేదని పంచాయితీ పెట్టాడు కూడా.

అయితే మా బ్యాండుకు ప్రాణం అక్క గొంతు. రామసముద్రం దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో గొర్రెలు కాసేవాళ్ళు ఈ గుట్ట మీదనుంచి ఆ గుట్ట మీదివాళ్ళను పిలవడానికి ఒక కేక వేసేవారు. కింద మొదలై, మెల్లగా పైకెక్కి, చివర సన్నగా సాగి గాలిలో కలిసిపోయే కేక అది. ఎండాకాలం సెలవుల్లో తాత వెంట మందకు పోయి అక్క దాన్ని నేర్చుకుంది. బావ రాసిన తెలుగు పాటలన్నీ ఆ కేకతో ముగిసేలా కట్టాడు. మా బ్యాండుకు గుట్టకేక అనే పేరు పెట్టింది కూడా ఆయనే.

బెంగుళూరులో ఒక హోటల్లో ఆదివారం మధ్యాహ్నాలు వాయిస్తుండగా ఒక ఏజెంటు విని, తొమ్మిది నెలల విదేశీ పర్యటన కుదిర్చాడు. సింగపూరు, మలేషియా, మారిషస్, గల్ఫు దేశాలు, ఇంగ్లండు, చివరికి జర్మనీ. అంతవరకు తిరుపతి దాటి ఎరగని మా అమ్మ, మా నలుగురికీ నొసట బొట్టు పెట్టి, నా చేతిలో చింతకాయ తొక్కు జాడీ పెట్టి, అక్కను జాగ్రత్తగా చూసుకోమని మరీ మరీ చెప్పింది. అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. అయినా ఆ మాట అమ్మ నాతోనే ఎందుకు చెప్పిందో నాకిప్పటికీ తెలియదు.

మొదటి నెలలు కలలాగా గడిచాయి. మలేషియాలో రబ్బరు తోటల్లో పనిచేసే మనవాళ్ళు లారీల్లో వచ్చి విన్నారు. నడి పాటలో వాన కురిసి మా స్పీకర్లు రెండు పాడైతే వాళ్ళే ఎక్కడినుంచో పెట్రోమాక్స్ లైట్లు తెచ్చి, వాటి వేడికి తీగలు ఆరబెట్టి ఇచ్చారు. మారిషస్‌లో, ముత్తాతల కాలంలో ఓడలెక్కి పోయిన కుటుంబాల ముసలమ్మ ఒకావిడ, తెలుగు రెండు ముక్కలు కూడా రాకపోయినా, ఆ కేక విని అక్క చేతులు పట్టుకుని వదల్లేదు.

గల్ఫులో మాకు కష్టాలు మొదలయ్యాయి. కుప్పం స్నేహితుడికి వాళ్ళ నాన్నకు బాగాలేదని ఫోను వచ్చింది. మర్నాడే విమానమెక్కాడు, మళ్ళీ రాలేదు. ఆయన్ను తప్పుపట్టడానికి లేదని బావకు తెలుసు, అయినా ఆ రోజునుంచీ బావ మనిషి మారిపోయాడు. తెలియని ఒక గోవా ఆయన్ను బేస్‌కు పెట్టుకుని, ప్రతి చిన్న తప్పుకూ చిరాకుపడుతూ, ఇంకొక్కరు తప్పుకున్నా బ్యాండు లేదని పదేపదే అనేవాడు.

అక్క గొంతు మొదట అక్కడి దుమ్ముకు, ఏసీ గదులకు బొంగురుపోయింది. ఇంగ్లండు చలిలో పొద్దున లేస్తే మాట బదులు గాలి వచ్చేది. సాయంత్రానికి ఎలాగో కూడదీసుకుని పాడేది. జలుబే కదా అని బావ మిరియాల కషాయం కాచి ఇచ్చేవాడు. ఒకరోజు స్వెట్టర్లు కొనుక్కొస్తామని చెప్పి అక్క నన్ను వెంటబెట్టుకుని ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయింది. ఆమెది వేలూరు వైపు, మాతో అరవంలోనే మాట్లాడింది. చిన్న అద్దం గొంతులో పెట్టి చూసి, స్వరతంత్రుల మీద కాయలు కట్టాయనీ, ఆరు వారాలు పాట మాత్రమే కాదు మాట కూడా వద్దనీ, వినకుండా పాడితే ఆ గొంతు ఇక తిరిగిరాదనీ చెప్పింది. మాకు ఇంకా పదకొండు కచేరీలు ఉన్నాయి.

బస్సులో తిరిగొస్తూ అక్క గుసగుసగా అంది.

"మీ బావకు నువ్వే జెప్పరా. అరుస్తాడని కాదు. నేను జెప్తే నాకు ఏడుపొచ్చేస్తాది."

సరేనన్నాను. ఆ సాయంత్రమే బావ గదికి వెళ్ళాను. ఆయన గిటారుకు కొత్త తీగలు బిగిస్తున్నాడు. నన్ను చూడగానే, చాలా రోజుల తరవాత నవ్వి, "బామ్మర్దీ, జర్మనీలో పెద్ద మైదానంలో వాయిస్తాండాము. కడపటి పాటకు ముందర ఎనిమిది నిమిషాలు నీ ఒక్కడిదే. నేను గిటారు దించేస్తా," అన్నాడు.

చదివేవాళ్ళు నన్ను ఏమనుకున్నా సరే, నిజం రాస్తున్నాను. టమోటా పెట్టెల మీద పుల్లలు ఆడించిన నాకు, వేలమంది ముందు, ఎనిమిది నిమిషాలు. ఆ మాట విన్నాక నోట్లో ఉన్న మాట నోట్లోనే ఉండిపోయింది. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు పొద్దున మెట్ల దగ్గర అక్క ఎదురై, చేత్తో సైగ చేసి, చెప్పావా అని అడిగింది. నేను తల ఊపాను.

ఆ తల ఊపడం ఎంత పని చేసిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. తన సంగతి తెలిసి కూడా భర్త పాడమంటున్నాడని అక్క నమ్మింది. డాక్టరమ్మ మాట విని ఆమె పగలంతా మాట్లాడకపోతే, ప్రయాణాల విసుగుతో తనమీద కోపం పెట్టుకుందని బావ అనుకున్నాడు. వ్యానులో ఒకే సీటుకు రెండు చివరలా కూర్చుని ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ దేశాలు దాటారు. నేను వెనక సీట్లో కూర్చుని, మోకాళ్ళ మీద వేళ్ళతో ఎనిమిది నిమిషాల వాయింపు సాధన చేసుకున్నాను. పూటపూటకూ అక్కకు ఫ్లాస్కులో వేడినీళ్ళు మాత్రం తెచ్చిచ్చేవాణ్ణి.

జర్మనీ కచేరీ పట్టపగలు, మంచి ఎండలో జరిగింది. ఎన్నో దేశాల బ్యాండ్లు వచ్చాయి. నా వంతు వచ్చినప్పుడు నేను అంతకుముందు, ఆ తరవాత ఎన్నడూ వాయించనంత బాగా వాయించాను. జనం లేచి నిలబడ్డారు. ఆ వెంటనే కడపటి పాట. చివర అక్క కేక అందుకుంది. కింద మొదలైంది, మెల్లగా పైకి ఎక్కింది, సగంలో తెగిపోయింది. మైకులో గాలి ఒక్కటే వినిపించింది. అక్క నోరు తెరిచే ఉంది. నా చేతులు ఇంకా రెండు తాళాల దాకా ఆగలేదు.

వేదిక వెనక డేరాలో అక్కడి వైద్యుడు చూసి, ముందునుంచే ఉన్న జబ్బని చెప్పాడు. బావ అక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "యాల జెప్పలేదే నాకు? ఒక్క మాట యాల జెప్పలేదు?" అని అడిగాడు.

అక్క ఆయన ముఖంలోకి చూసింది. తరవాత నా వైపు చూసింది. ఆ చూపు ఎంతసేపు ఉందో చెప్పలేను. ఆమె బావ జేబులోంచి పెన్ను తీసుకుని, పాటల వరస రాసిన కాగితం వెనక ఏదో రాసి ఆయనకిచ్చింది. నేను ఆయన భుజం మీదుగా చదివాను. నేనే చెప్పలేదు, తమ్ముడికి కూడా తెలీదు, అని రాసి ఉంది.

నేను నోరు విప్పి ఉండవలసింది అప్పుడు. విప్పలేదు.

బెంగుళూరులో ఆపరేషను జరిగింది. మాట వచ్చింది కానీ, ఎండుటాకు నలిపినట్టుండే గొంతు. పాట లేదు. బావ గిటారును అటక మీద పెట్టేసి, బైరెడ్డిపల్లె దగ్గర తన వంతు పొలంలో టమోటా పెట్టాడు. నేను ఈ పైపుల అంగడి పెట్టుకున్నాను. అక్కను ఆయన ఎంత బాగా చూసుకున్నాడో ఊరంతా చెబుతుంది. కానీ ఇంటికెవరు వచ్చినా, పాత సంగతులు కదిలితే చాలు, ఈమె ఒక్క మాట చెప్పింటే అక్కడికక్కడ అన్నీ ఆపేసి ఉండేవాణ్ణని అనేవాడు. అక్క తల వంచుకుని కాఫీ గ్లాసులు తీసుకుపోయేది. ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో.

పదేళ్ళు పోయాక ఒక కోతల రోజున, బావ లారీతో మండీకి పోయి ఉండగా, కళ్ళంలో కాయలు ఏరుతున్న అక్క పక్కన కూర్చుని చెప్పేశాను. ఆ పొద్దు నేను తల ఊపింది అబద్ధమని, మరిచిపోయి కాదు, కావాలనే చెప్పలేదని, ఎనిమిది నిమిషాల కోసమని. ఆమె కాయలు ఏరడం ఆపలేదు.

"నాకు తెల్దనుకుంటివా? ఆ డేరాలోనే తెలిసిపోయింది," అంది.

బావకు ఈ రోజే చెప్పేస్తానన్నాను.

"సెప్పి ఏం జేస్తావు? నా మీద కోపం ఆయప్పకు పూట గూడా నిలబడదు. నీ మీదయితే సచ్చేదాకా పోదు. నాకుండేది ఒక్క తమ్ముడు." ఒక మచ్చకాయను పక్కకు విసిరేసి మళ్ళీ అంది. "నేను మాత్రం ఆయప్పను అడగలేదు గదరా. ఇంత తెలిసీ ఎట్ల పాడమంటాండావు అని ఒక్క తూరి అడిగింటే అయిపోయేది. రోసమొచ్చి అడగలేదు. పో, ఆ పెట్టె ఇట్ల జరుపు."

నేను పెట్టె జరిపాను. అక్క అడిగినట్టే, బావకు చెప్పలేదు. రెండేళ్ళ కిందట ఆయన ఆసుపత్రిలో చివరి రోజుల్లో ఉన్నప్పుడు, నా చెయ్యి పట్టుకుని, జర్మనీలో ఎంత బాగా వాయించినావురా, అన్నాడు. అప్పుడు కూడా చెప్పలేకపోయాను. ఇప్పుడు ఆయన లేడు కాబట్టి, అక్కను అడిగి మరీ ఇది రాస్తున్నాను. రాయమంది. ఆయప్ప మంచోడని కూడా రాయమంది. బావ చాలా మంచివాడు.

ఈ రోజుల్లో మా ఇంట్లో మనవరాలు తుమ్మినా ఫోనులో రికార్డవుతుంది. అది ఉయ్యాల్లో ఊ కొట్టిన తొలి ధ్వని దగ్గరినుంచీ అన్నీ ఎవరో ఒకరి ఫోనులో భద్రంగా ఉన్నాయి. మేము తొమ్మిది నెలలు ఇన్ని దేశాలు తిరిగి పాడితే అక్క గొంతు ఒక్క టేపులోనూ లేదు. తిరిగొచ్చాక మద్రాసులో మంచి స్టూడియో చూసి క్యాసెట్టు చేద్దామని బావ అనుకున్నాడు. ఆ గొంతు విన్నవాళ్ళు ఏ రబ్బరు తోటల్లోనో, ఏ దీవుల్లోనో ఉండి ఉంటారు, చాలామంది పోయి కూడా ఉంటారు. కుప్పం స్నేహితుడికి ఇప్పుడు మనుషులే గుర్తు లేరు.

మొన్న అక్క మా ఇంటికి వచ్చినప్పుడు, మనవరాలి పాట ఫోనులో వింటూ వింటూ, నన్ను చూసి, నా గొంతు ఎట్లుండేదిరా, అని అడిగింది. బయటినుంచి అది ఎలా వినిపించేదో ఆమె ఒక్కసారి కూడా వినలేదు.