అంబలి పూట, చేపల పులుసు

ఆ రోజుల్లో నాకు ప్రపంచంలోని పేదరికం మీద గట్టి పంతం ఉండేది. ఇంకో నాలుగైదేళ్లలో అది పోతుందని, పోగొట్టేవాళ్లలో నేనూ ఒకణ్ణని చదువైపోయిన కొత్తల్లో నిజంగానే నమ్మాను. (నా పేదరికం ఎప్పుడు పోతుందని మా నాన్న అడిగేవాడు గానీ, అంత చిన్న సంగతులు పట్టించుకునే తీరిక నాకుండేది కాదు.) శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చి, కంచరపాలెంలో ఆటో నడిపే మా బావ గదిలో ఒక మూల చాప వేసుకుని ఉద్యోగం కోసం తిరుగుతుంటే, వన్ టౌన్‌లో ఒకచోట దొరికింది. కేథలిక్ సేవాసంస్థలు మూడు కలిసి పెట్టుకున్న ఉమ్మడి ఆఫీసు అది. కింద ఎండుమిర్చి హోల్‌సేల్ కొట్టు, పైన మేము. కింద బస్తా దించినప్పుడల్లా పైన సామాజిక న్యాయం గురించి మాట్లాడుకుంటున్న వాళ్లందరం ఒకేసారి తుమ్మేవాళ్లం. అంతకు మించిన ఐకమత్యం ఆ ఆఫీసులో మొదట్లో నేను చూడలేదు.

ఇంటర్వ్యూలో “ఇంగ్లీషు వచ్చా?” అని అడిగారు. “వచ్చండి” అన్నాను. అబద్ధం కాదు. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడం వచ్చు, ఎదుటివాళ్లు మాట్లాడకుండా ఉంటే మాట్లాడటం కూడా వచ్చు. ఉద్యోగం వచ్చిందని ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ మెల్లగా, “చర్చోల ఆపీసంట గదరా, నిన్నూ ఫాదర్ని సేసీసి ఎల్లిపోమంటారేటి?” అంది. అదంత తేలిగ్గా ఇచ్చే ఉద్యోగం కాదని, దానికి చాలా ఏళ్లు చదవాలని చెప్పాక గానీ ఆవిడ కుదుటపడలేదు. “అమ్మయ్య, నువ్వు సదవ్వులే” అంది.

ఆ మూడు సంస్థలకీ ముగ్గురు పెద్దలు. బిషప్ గారి తరఫున ఉండేది మైకు ఫాదర్. ఎదురుగా ఒక్కరున్నా సభలో వెయ్యిమంది ఉన్నట్టే మాట్లాడతారు కాబట్టి ఆ పేరు. కన్యాస్త్రీల తరఫున గొడుగు సిస్టర్. ఎండైనా వానైనా నీడపట్టున కూర్చున్నా చేతిలో గొడుగు ఉండాల్సిందే, అది తెరవడానికి కాక ఎదుటివాళ్లకి దారి చూపించడానికే ఎక్కువ వాడేవారు. చర్చికి వచ్చే సంసారులు పెట్టుకున్న మూడో సంఘానికి పోర్టు బాబాయి. రేవులో సరుకుల ఎగుమతి చూసి రిటైరైన మనిషి. ముగ్గురూ బంగారం లాంటి వాళ్లు. అదే వచ్చిన చిక్కు. ఎవరికి వాళ్లు విడివిడిగా మంచి చేసుకుంటూ పోయేవారు. దాంతో కంచరపాలెంలో ఒకే సందుకి ఒకే ఎండాకాలంలో ముగ్గురూ దుప్పట్లు పంచారు, పక్క సందుకి ఒక్కటీ అందలేదు. ఆ సందులో మేకలు కూడా దుప్పట్లు కప్పుకుని తిరిగాయని బావ చెప్పేవాడు. (బావ మాటలో సగమే నమ్మాలి. మేకలు ఉన్నమాట నిజం.) ఇలా కాదు, కలిసి పనిచేద్దామని ముగ్గురూ అనుకోవడంతో మా ఆఫీసు పుట్టింది.

లోకంలో ఆకలి ఎందుకుంది, దానికి ఏం చేయాలి అన్నదాని మీద ముగ్గురికీ తొలి మీటింగులోనే ఏకాభిప్రాయం కుదిరింది. కుదరనిది ఒక్కటే, బ్యానర్ మీద ఎవరి సంస్థ పేరు ముందుండాలన్నది. “మాకు పేరుతో పనిలేదు, కాకపోతే పద్ధతి ప్రకారం…” అని ముగ్గురూ మొదలుపెట్టేవారు. చివరికి నేనొక ఉపాయం ఆలోచించి, మూడు పేర్లనీ గుండ్రంగా రాయించి ఫ్లెక్సీ వేయించుకొచ్చాను. ఏది ముందో ఏది వెనకో ఎవరికీ తెలియదు కదా అని నా మురిపెం. గదిలో బావ దాన్ని విప్పి, మెడ అటూ ఇటూ తిప్పి చదవబోయి, “ఇదేటి బావా, రాశిచక్రమా? నాది తుల, ఏటుందో సూడు” అన్నాడు.

ఇలా ఉండగా తపస్సుకాలం వచ్చింది. ఈస్టరుకు ముందు కేథలిక్కులు ఉపవాసాలుండి, శుక్రవారాలు మాంసం మానేసే రోజులు. ఫిలిప్పీన్స్‌లో తుఫాను కొట్టి పడవలూ వలలూ పోగొట్టుకున్న జాలరి పల్లెల కోసం అక్కడి సేవాసంస్థ సాయం కోరింది. ఆ సంస్థలో పనిచేసే ఒకావిడ మన వైపు వస్తున్నారు, ఆవిడా జాలర్ల పిల్లే. మావాళ్లు ముగ్గురూ కలిసి ఒక కార్యక్రమం అనుకున్నారు. శుక్రవారం మధ్యాహ్నం యారాడలో, సిస్టర్ల వైద్యశాల నడిచే షెడ్డులో, మేమూ ఆ ఊరి జాలరి కుటుంబాలూ ఆ అతిథితో కూర్చుని ఒక పూట అంబలి మాత్రం తాగాలి. అలా ఆ పూట భోజనంలో మిగిలిన డబ్బు ఆ తుఫాను పల్లెలకి పంపాలి. ఆ ఊళ్లో జాలర్లంతా హిందువులే అయినా సిస్టర్ పిలిస్తే రానివాళ్లుండరు. పద్ధతి బాగుంది. కాకపోతే పోర్టు బాబాయి నన్ను పక్కకి పిలిచి, “చూడు నాయనా, ఇది సవ్యంగా జరిగితే అందరం కలిసుంటాం. రసాభాస అయిందా, మళ్లీ ఎవరి దుప్పట్లు వాళ్లవే” అన్నాడు. అంబలి కాయించే బాధ్యత, అతిథి మాటలు తెలుగులో చెప్పే బాధ్యత, రెండూ నావే.

అంబలి సంగతి నాకు వదిలేయండి అన్నాను. చోడంబలి, అదే రాగి అంబలి, తాగి పెరిగినవాణ్ణి, దానికి భయమేమిటి? కంచరపాలెంలో మా గది ముందే పెద్ద డేక్షాలో కాయించి, బావ ఆటో వెనక సీట్లో పెట్టి, పక్కన నేను కూర్చుని దాన్ని కావలించుకుని బయల్దేరాను. యారాడ వెళ్లాలంటే కొండెక్కి దిగాలి. ఎక్కేటప్పుడు అంబలి వెనక్కి వచ్చింది. దిగేటప్పుడు ముందుకు వెళ్లింది. ముందు ఉన్నది బావ. మలుపులో మూత ఎగిరి కొండ దిగువకి మాకంటే ముందు వెళ్లిపోయింది. సముద్రం కనిపించేసరికి నా చొక్కా, బావ వీపు, సీటు అంతా అంబలే. ఆటో ఆపి బావ వెనక్కి తిరిగి, “బావా, మీ పేదరికం మొత్తం నా సీటు మీదే ఉంది. ఇంక లోకంలో మిగల్నేదు, ఇంటికెల్లిపోదాం” అన్నాడు. డేక్షాలోకి చూస్తే అడుగున పదిమందికి కూడా చాలనంత ఉంది.

షెడ్డు దగ్గర అప్పటికే అతిథితో సహా అందరూ ఉన్నారు. ఊరి ఆడవాళ్లకి పెద్ద, అందరూ పెద్దత్త అని పిలిచే మనిషి, గుమ్మంలోనే నన్ను ఆపేసింది. చేపల తట్ట మోసి మోసి గట్టిపడ్డ మెడ, ఎవరినైనా నిలబెట్టి అడిగే గొంతు.

“ఏటల్లుడా, ఒల్లంతా ఏటది?”

“అంబలి అత్తా. అతిథికి.”

“సముద్దరం దాటొచ్చిన ఆడకూతురికి అంబలి పోత్తారా? మా ఊరొచ్చి? రేప్పొద్దున ఆ పిల్ల ఊరెల్లి, యారాడోలు గంజినీళ్లు పోసి పంపీసినారని సెప్తాది. మా పరువేం గావాల?” అంది. వెనకున్న ఆడవాళ్లంతా అదే మాట అందుకున్నారు. కొందరు పిల్లల్ని చంకనేసుకుని వెళ్లిపోవడానికి కూడా కదిలారు.

మైకు ఫాదర్ ముందుకొచ్చి, ఇది పేదవాళ్ల పట్ల సంఘీభావమని, ఆకలితో ఉన్న సోదరుల బాధను మనమూ పంచుకోవడమని, చాలా చక్కగా, సముద్రం హోరుని మించి చెప్పారు. పెద్దత్త ఓపిగ్గా విని, “ఫాదరుగారూ, ఆలు ఆకలితో ఉన్నారు. మనవూ ఆకలితో కూకుంటే ఆల కడుపు నిండుతాదేటి?” అంది. ఫాదర్ నవ్వేశారు. “నిండదమ్మా. నిజమే” అన్నారు మామూలు గొంతుతో. ఆయనకి మామూలు గొంతు కూడా ఉందని మాకు ఆ రోజే తెలిసింది.

“మరింకేటి? మా పూట మేం మానీసి ఇత్తాం, అది మా ఇట్టం. సుట్టానికి మాత్రం కూడెట్టాల” అని తేల్చేసింది పెద్దత్త. “ఇయ్యాల పొద్దున పడ్డ సేపలున్నాయి. పులుసెట్టేత్తాం.” పోర్టు బాబాయి నెమ్మదిగా, శుక్రవారం మాంసం తినకూడదని గుర్తుచేశాడు. “సేప మాంసమేటి? సేప సేపే” అంది పెద్దత్త. ఫాదర్ ఒక్క క్షణం ఆలోచించి, మతపరంగా కూడా చేప మాంసం లెక్కలోకి రాదని తీర్పిచ్చారు. గొడుగు సిస్టర్ గొడుగెత్తి పొయ్యి ఎక్కడ పెట్టాలో చూపించేశారు. (ఆవిడకి చేపల పులుసంటే ప్రాణమని తర్వాత ఎవరో చెప్పారు.)

ఈ గొడవంతా జరుగుతుంటే అతిథి నా వైపు తిరిగి, వీళ్లేమంటున్నారని అడిగారు. సంఘీభావం, గౌరవం, ఆతిథ్యం, వీటన్నిటికీ ఇంగ్లీషు మాటలు రాత్రంతా బట్టీపట్టి వెళ్లినవాణ్ణి. ఒక్కటీ రాలేదు. “ఫిష్” అన్నాను. కాసేపాగి, ఏదో తక్కువైందనిపించి, “గుడ్ ఫిష్” అన్నాను. ఆవిడ పకపకా నవ్వి, చెప్పులు విడిచి, ఆడవాళ్లతో పాటు ఇసకలోకి నడిచి, చేపలు కోస్తున్నచోట కూర్చుని చెయ్యి చాపారు. పెద్దత్త ఒక్కసారి ఆవిడ మొహంలోకి చూసి కత్తి ఇచ్చింది. ఆవిడ పొలుసు తీసిన తీరు చూసి, “ఓలమ్మ, ఈ పిల్ల మన్లాంటి పిల్లే!” అని కేకేసింది. ఆ తర్వాత నా అనువాదంతో ఎవరికీ అవసరం పడలేదు. వాళ్లిద్దరూ ఎవరి భాషలో వాళ్లు, చేపలు చూపించుకుంటూ, తోకలు కొలుచుకుంటూ, గంటసేపు మాట్లాడుకున్నారు. నేను ఉల్లిపాయలు తరిగాను.

భోజనాలయ్యాక ఆవిడ తమ ఊరి సంగతి చెప్పారు. ఇక్కడ మాత్రం నేనే తెలుగులో చెప్పాల్సి వచ్చింది. గాలి ఎలా వచ్చిందో, పొద్దున లేచి చూస్తే ఒడ్డున ఒక్క పడవ కూడా లేకపోవడం, చెట్లకి చిక్కుకున్న వలల ముక్కలు, తమ్ముడి పడవ పేరు రాసిన చెక్క ఒకటి దొరికిందని, తమ్ముడు దొరకలేదని. ఆ చివరి మాట నేను తెలుగులో చెప్పకముందే వాళ్లకి తెలిసిపోయింది. పెద్దత్త దగ్గరికి జరిగి ఆవిడ చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. “మాకూ పోనారమ్మా. మాకూ పోనారు” అంది. అప్పుడు నేనది ఇంగ్లీషులో చెప్పలేదు, చెప్పమని ఆవిడా అడగలేదు.

అప్పుడు పెద్దత్త భర్త, అంతవరకూ గోడకి ఆనుకుని బీడీ కాలుస్తున్న మనిషి, “రెండు వలలు కట్టీగలం” అన్నాడు. అంతే అన్నాడు. మిగతా మగవాళ్లు “తాళ్లు నేనిత్తాను”, “వల తేల్డానికి బెండ్లు మా ఇంట్లో ఉన్నాయి” అని మొదలుపెట్టారు. అంతదూరం వలలు పంపడం కన్నా డబ్బు పంపడమే సులువని ఫాదర్ అనబోతే పెద్దత్త చెయ్యడ్డం పెట్టింది. “అదీ పంపండి, ఎవులొద్దన్నారు? సుట్టాలకి సేత్తో సేసిందొకటి ఎల్లాలి.”

పంపడమెలా అన్నది వచ్చేసరికి ఒక విచిత్రం జరిగింది. ఓడలో సరుకు ఎలా వేయాలో పోర్టు బాబాయికి తెలుసు. అవతల రేవులో అందుకునే సిస్టర్లు ఎవరో గొడుగు సిస్టర్‌కి తెలుసు. అనుమతుల కోసం గట్టిగా మాట్లాడటం మైకు ఫాదర్‌కి పుట్టుకతో వచ్చిన విద్య. ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ వలలు యారాడ దాటవు. ఆ సాయంత్రం ముగ్గురూ ఇసకలో పక్కపక్కన కూర్చుని, ఒకరి మాట ఒకరు పూర్తి చేస్తూ, ఎవరేం చేయాలో పంచుకున్నారు. నేను తెచ్చిన ఫ్లెక్సీ ఆ రోజు కట్టనేలేదని అప్పుడు చూశాను. ఎవరో పిల్లలు దాన్ని పరిచి, దాని మీద ఎండుచేపలు ఆరబోశారు. మూడు పేర్లూ సమానంగా కప్పబడ్డాయి.

వలలు కట్టడానికి వాళ్లు అనుకున్నదానికన్నా ఎక్కువ రోజులే పట్టాయి. మధ్యలో చేపల వేట వాళ్లది వాళ్లకి ఉంటుంది కదా. రెండనుకున్నవి నాలుగయ్యాయి, పక్క పేటవాళ్లు మాకేం తక్కువని ఇంకొకటి ఇచ్చారు. అవన్నీ మా ఆఫీసు మెట్ల మీదుగా పైకెక్కించి ఓడ దొరికేదాకా దాచాం. కింద మిర్చి కొట్టు సేటు వాసన వస్తోందని ఒకసారి పైకి వచ్చి, సంగతి విని, దిగిపోయి, వలలు చుట్టి కట్టడానికి గోనెపట్టాలు పంపించాడు. వలలు చేరాయని, నీళ్లలో పడ్డాయని ఫిలిప్పీన్స్ నుంచి ఆవిడ ఫోన్లో ఫొటో పంపినప్పుడు నేను పరుగున యారాడ వెళ్లి పెద్దత్తకి చూపించాను. ఆవిడ ఫోన్ దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసి, “బావుంది. సేపలు పడ్డాయో నేదో కనుక్కో” అంది.

పడ్డాయి. ఆ తర్వాత ఆ సంస్థలు మూడూ విడిపోలేదు, ఇంకా రెండు చేరాయి. నేనూ అక్కడే ఉండిపోయి, జుట్టు పలచబడి, కళ్లజోడు పెట్టుకునే వయసుకి వచ్చాను. నాలుగైదేళ్లలో పోతుందనుకున్న పేదరికం పోలేదు. ఇప్పుడు నా ఇంగ్లీషు పరవాలేదు గానీ, ఆ రోజుల్లో ఉన్న నమ్మకంతో ఏ వాక్యమూ మొదలుపెట్టలేను. ఒక్కటి మాత్రం జరిగింది. టీవీలో ఎక్కడో సముద్రం పొంగిందని వస్తే చాలు, పెద్దత్త నుంచి ఫోన్ వస్తుంది. “అల్లుడా, ఆ పిల్ల ఊరేపు గాలొచ్చిందంట, బేగి కనుక్కో.” మన దగ్గర అల్పపీడనం అంటే అటు నుంచి ఆవిడ, యారాడ ఎలా ఉందని మెసేజ్ పెడుతుంది. లోకాన్ని ఉద్ధరిద్దామని బయల్దేరిన కుర్రాడు ఇద్దరు ఆడవాళ్ల మధ్య వాన కబుర్లు మోసేవాడిగా తేలాడు. నా ఫోన్లో వాతావరణం చూస్తే రెండు ఊళ్లుంటాయి. మా ఆవిడ అదేం పిచ్చని నవ్వుతుంది, నాకూ నవ్వొస్తుంది. ఇందాక చూశాను. అక్కడ ఎండగా ఉందట, అలలు తక్కువట. పెద్దత్తకి ఫోన్ చేసి చెప్పాలి.