‘ఏం కాదు’ అనని మా డాక్టరత్తయ్య

మొన్న ఆదివారం పొద్దున మా డాక్టరత్తయ్య పోయారు. రాయపూర్ గుఢియారీ పేటలో మా ఎదురింటావిడ, కంటి డాక్టరు. ఆ మాట అమ్మ చెబుతుంటే రైలు కూతలో సగమే వినబడింది. మళ్ళీ చెప్పమని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మాకు రక్తసంబంధం ఏమీ లేదు. రైల్వే ఉద్యోగాలకని విజయనగరం వైపు నుంచి రాయపూర్ వచ్చినవాళ్ళం, మా సందులో అందరం వరసలు కలుపుకున్నాం. అమ్మా ఆవిడా ఒకరినొకరు వదినా అనుకునేవారు, అలా నాకు అత్తయ్య. ఆవిడ నోట ‘ఏం కాదు’ అన్న మాట ఎవరూ విని ఎరగరు. "ఇంకా తెలీదు, రేపు చూద్దాం" అనేవారు. నేను పుట్టు కంగారు మనిషిని, ఆవిడ టార్చి తీస్తేనే నాకు గుండె దడ.

బీయస్సీ చదువుతుండగా, ఎండలు ముదిరే రోజుల్లో, నా కుడికన్ను ఎర్రబడింది. అమ్మ కళ్ళకలక అని తేల్చేసింది. చీకటిగదిలో పడుకోబెట్టి, మూసిన రెప్పల మీద నందివర్ధనం పూలు పెట్టింది. తమ్ముణ్ణి గుమ్మంలోంచే తరిమింది. పూలు చల్లగానే ఉన్నాయిగాని, లోపల ఒకటే సలుపు. తలుపు కాస్త తీస్తే వెలుతురు సూదిలా గుచ్చుకునేది.

చూడ్డానికి వచ్చిన అత్తయ్య పూలు తీసి టార్చి వేశారు. ఆవిడ ముఖం మారిపోయింది.

"పుసి కట్టడం లేదా వదినా?"

"పుసి లేదు గానీ నీళ్ళు కారతన్నాయి. కలకే కదేటి! మా ఊళ్ళో ఈ పువ్వులకే తగ్గిపోయీది."

"కలక కాదు. కంటిపాప చూడండి, గుండ్రంగా లేదు. చలో బేటా, ఇప్పుడే ఆసుపత్రికి."

రిక్షాలో నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. "అత్తయ్యా, చూపు పోతుందా?" అని అడిగాను. ఆ ఒక్కసారైనా ‘ఏం కాదు’ అంటారని ఎంత ఆశపడ్డానో! "పోకుండా చూడాలి" అన్నారు. ఆవిడ అరచెయ్యి చెమటతో తడిసిపోయింది.

ఆసుపత్రిలో పరీక్ష చేసి ఇంటికి తీసుకొచ్చాక, అత్తయ్య అమ్మ పెట్టిన నల్లద్రాక్షల్లోంచి ఒకటి తీసి చూపిస్తూ చెప్పారు. కంటికి బయట తెల్లని గట్టి పొర, అన్నిటికన్నా లోపల చూపు పొర, ఆ రెంటి మధ్య ఈ ద్రాక్షతొక్కలాంటి నల్లని పొర. దాని వెనకభాగం నిండా రక్తనాళాలే. చూపు పొరకు తిండి చాలావరకు అక్కణ్ణించే. ముందుభాగం కంటిపాప చుట్టూ ఉండే రంగు తెర; వెలుతురును బట్టి పాపను చిన్నది చేస్తుంది, పెద్దది చేస్తుంది. ఈ రెంటికీ నడుమ చిన్న కండరం ఉంది. దగ్గరివి కనబడేలా కటకాన్ని సర్దుతుంది. కంటిలో నీరు ఊరేదీ ఆ చోటే. నాకు వాచింది ఆ రంగు తెర. వెనకున్న కటకానికి అతుక్కుంటోంది. అతుకు గట్టిపడకముందే చుక్కలు వేసి పాపను విప్పాలి.

చుక్కలు మొదలుపెట్టాక, ఎడమకన్ను మూసి పుస్తకం తెరిస్తే కుడికంటికి ఒక్క అక్షరం కనబడలేదు. నా కేకకు అత్తయ్య పిండిచేతులతోనే పరిగెత్తుకొచ్చారు. "అక్షరాలు ఎక్కడికీ పోలేదు బేటా. ఆ కండరానికి సెలవిచ్చాం" అన్నారు. రోజూ పొద్దునా సాయంత్రం వచ్చి చూసేవారు. "ఇంకా ఒకచోట పట్టుకునే ఉంది" అనేసి వెళ్ళిపోయేవారు.

అమ్మకు ఒళ్ళు మండింది. "ఒక్క మంచిమాట చెప్తే మీ సొమ్మేటి పోద్ది వదినా? పిల్ల తిండి మానీసింది."

"మంచిమాట చెప్తే చుక్కలు మానేస్తారు వదినా. అలా చూపు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. భయపడనివ్వండి."

ఒకరోజు పొద్దున చాలాసేపు చూసి, టార్చి ఆర్పి, కింద చతికిలబడ్డారు. "విడింది" అన్నారు. నాకన్నా ముందు ఆవిడే ఏడ్చారు. ఇన్నాళ్ళూ ఆవిడా నాలాగే హడలిపోతూ ఉన్నారని అప్పుడు తెలిసింది. ఆవిడంటే నాకు ప్రేమ పుట్టింది అప్పుడే.

తిరగబెట్టే జబ్బు అది. తర్వాత రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ఆవిడ వాకిట్లోకే పరిగెత్తాను. ఈ రోజు నేను ఇది రెండు కళ్ళతో రాస్తున్నానంటే ఆవిడ చలవే.

ఆ ఆదివారం ఆవిడను కాటికి తీసుకెళ్ళాక ముఖం కడుక్కుంటూ అద్దంలో చూసుకున్నాను. కుడికన్ను ఎర్రగా ఉంది. ఏడ్చినందుకా, మళ్ళీ అదేనా? చెప్పులు వేసుకుని ఎదురింటి గుమ్మం దాకా వెళ్ళాకగాని, ఎవరికి చూపించాలని వచ్చానో గుర్తుకురాలేదు. అక్కడే ఆగిపోయాను. ఎడమకన్ను మూసి, మధ్యాహ్నపు ఆకాశంలోకి తలెత్తాను. వెలుతురు గుచ్చుకోలేదు. అప్పుడు ఆవిడ మెట్ల మీద కూర్చుని, ఏ భయమూ లేకుండా ఏడ్చాను.