నలభై గజాల గీత దగ్గర రెండు సీట్లు

వెర్నా లెడ్వినా చెల్లెలి ఇల్లు చూసి ఏనాడూ ఏడవలేదు. చెల్లెలి మొగుణ్ణి చూసి ఏడవలేదు, వాళ్ళ కొట్టంలో ఉన్న ఆవుల్ని చూసీ ఏడవలేదు. కానీ ఆదివారం చర్చిలో పూజ కాగానే ఆ చెల్లెలు ఆర్లీన్ గళ్ళ దుప్పటి చంకన పెట్టుకుని, కాఫీ ఫ్లాస్కు చేత పట్టుకుని, మొగుడి ట్రక్కెక్కి ఫుట్‌బాల్ స్టేడియానికి బయలుదేరిందంటే చాలు, వెర్నా కడుపులో ఎవరో కుంపటి రాజేసినట్టుండేది. గుమ్మంలో నిలబడి నవ్వుతూ చెయ్యి ఊపేది. లోపలికొచ్చి బంగాళాదుంపల మీద కసి తీర్చుకునేది.

ఆ సీట్లు రెండూ నాన్న సిరిల్‌వి. మైదానం నడిమికి దగ్గరగా, నలభై గజాల గీత దగ్గర, గాలి వీపుకు కొట్టే వైపు. కాగితం మిల్లులో పనిచేసే రోజుల్లో, జట్టు దివాలా అంచున నిలబడి గుమ్మం గుమ్మం ఎక్కి టికెట్లు అమ్ముకుంటున్నప్పుడు, జాలిపడి కొన్నాడు. తరువాత ఆ జట్టే దేశమంతటినీ ఓడించడం మొదలుపెట్టింది. ఇప్పుడు గ్రీన్ బేలో సీటు కావాలంటే ఎవరో ఒకరు చావాలి. చచ్చినా ఊరికే పోరు, కొడుక్కో అల్లుడికో రాసి మరీ పోతారు. మా వైపు వీలునామాల్లో పొలం సంగతి సీట్ల తరువాతే వస్తుంది.

తుంటి అరిగిపోయి సిరిల్ మెట్లెక్కలేని రోజు వచ్చినప్పుడు వెర్నా ధైర్యం చేసి అడిగింది. "నాన్నా, ఆ సీట్లలో నేను కూర్చుంటాను."

"ఆ చలిలో నీకెందుకే ఆడపిల్లవి?"

"ఆర్లీన్ ఏమన్నా మగపిల్లాడా?"

"దాన్ని మొగుడు తీసుకెళ్తున్నాడు కదా."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. తల్లి పోయిననాడు వెర్నా చదువు మానేసి వంటిల్లు చేతిలోకి తీసుకుంది. వారమంతా చీజ్ ఫ్యాక్టరీలో పెద్ద తొట్ల దగ్గర నిలబడి విరిగిన పాలగడ్డలు కోసేది. ఇంటికొస్తే నాన్న, నాన్న తుంటి, నాన్న గుండె మందులు. అల్గోమా ఊరి నుంచి ఒక పడవల మేస్త్రీ కొన్నాళ్ళు ఆమె కోసం తిరిగాడు, మంచివాడే. అప్పుడూ "నాన్ననెవరు చూస్తారు" అన్నది అడ్డొచ్చింది. మొగుడు లేని పాపానికి టికెట్టు కూడా లేకుండా పోయిందన్నమాట.

పోనీ ఆర్లీన్‌కి ఆటంటే ప్రాణమా అంటే, అదీ లేదు. ఆ అరుపుల మధ్య కూర్చుని మేజోళ్ళు అల్లేది. గాడిదకేం తెలుసు గంధం వాసన! ఆమె మొగుడు హార్లన్ డెకైన్ అయితే మరీను. బీరు తాగుతూ పక్కవాడితో పాల ధర గురించి వాదించేవాడు. తనకు తీరిక లేనప్పుడు మామగారి సీట్లను దాణా కొట్టు యజమానికి ఇచ్చి మంచివాడనిపించుకునేవాడు. అత్తసొమ్ము అల్లుడి దానమంటే ఇదే కాబోలని వెర్నా పళ్ళు కొరుక్కునేది. ఏ ఆటగాడికి ఏ మోకాలు నొప్పో చెప్పగల మనిషి ఇంట్లో కూర్చుని దుంపలు చెక్కుతోంది!

సొంత ఊళ్ళో జరిగే ఆటను ఊళ్ళోవాళ్ళ టీవీల్లో చూపించేవారు కాదు, స్టేడియం ఖాళీ అవుతుందని లీగ్ వాళ్ళకు భయం. కాబట్టి తండ్రీ కూతుళ్ళకు రేడియోయే గతి. ఆయన వాలు కుర్చీలో, ఆమె పక్కన స్టూలు మీద. ఆట అయ్యాక హార్లన్ ఇంటికి పోయి పాలు పిండుకుని, పెళ్ళాంతో భోజనానికి వచ్చేవాడు. మామగారి ఎదురుగా కూర్చుని చూసిందంతా వర్ణించేవాడు. పళ్ళేలు సర్దుతూ వెర్నా వినేది. ఒళ్ళు మండిపోతున్నా ఒక్క ముక్క వదలకుండా వినేది.

ఆ ఏడు శరత్కాలంలో సిరిల్ ఒక మాట అన్నాడు, ఈ చలికాలం లోపల టికెట్లను హార్లన్ పేరు మీదికి మార్చేస్తానని. ఒకసారి పేరు మారిందంటే ఆ సీట్లు డెకైన్ వాళ్ళ వంశానివే. వెర్నా ఆ రాత్రి నిద్రపోలేదు.

బాల్టిమోర్ జట్టు వచ్చిన ఆదివారం ఆట మొదటి సగానికే చచ్చిపోయింది. ముప్పై అయిదు, పద్నాలుగు. మనవాళ్ళది పద్నాలుగు. బంతిని చేత్తో విసిరి, పట్టుకుని, అవతలి గీత దాటిస్తే ఒక్కోసారికి ఏడేసి పాయింట్లు వచ్చే ఆట అది. సిరిల్ రేడియో కట్టేయమన్నాడు. వెర్నా కట్టలేదు.

"ఉండు నాన్నా. వాళ్ళ ఎడమ పక్క కుర్రాడు అలిసిపోయాడు. మనవాళ్ళు అటే విసురుతారు చూడు."

అటే విసిరారు. విసిరినదల్లా చేతుల్లో పడింది. మనవాడు గీత దాటిస్తే వాళ్ళవాడు దాటించాడు, వాళ్ళు వేస్తే మనవాళ్ళు రెండు వేశారు. బంతిని ఆపడమన్నది రెండు జట్లూ ఏకంగా మరిచిపోయాయి. రేడియోలో మాట్లాడేవాడి గొంతు పోయి బొంగురు అరుపు మిగిలింది. సిరిల్ కుర్చీ చేతిని కొడుతున్నాడు, వెర్నా స్టూలు తన్నేసి నిలబడింది. పొయ్యిలో మాంసం మాడిపోతున్న వాసన వచ్చింది. ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు.

నలభై తొమ్మిది, నలభై రెండు. వాళ్ళే ముందు. బంతి మనవాళ్ళ చేతికొచ్చింది కానీ, ఎక్కడ? సొంత గీతకు ఆనుకుని, వెనక్కి అడుగు వేసే చోటు లేకుండా. సరిగ్గా అప్పుడు రేడియో గరగరమని మూగబోయింది. వెర్నా మీట తిప్పింది, పెట్టె మీద చరిచింది. తప్పు పెట్టెది కాదు, స్టేషనే పోయింది. మళ్ళీ పలికేసరికి జనం హోరు, నలభై తొమ్మిదికి నలభై తొమ్మిది! ఎలా వచ్చిందో చెప్పే తీరిక అతనికెక్కడిది, బాల్టిమోర్ వాళ్ళు అప్పుడే పరిగెడుతున్నారు. వాళ్ళు బంతిని గోల్ కర్రల మధ్యకు తన్ని మూడు పాయింట్లు తెచ్చుకున్నారు. మనవాళ్ళు చివరి క్షణాల్లో ఇంకొకటి దాటించారు. యాభై ఆరు, యాభై రెండు. సిరిల్ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆ మధ్య ముక్క పోయిందే వెర్నా. పోనీలే, హార్లన్ వచ్చి చెప్తాడు."

హార్లన్ చెప్తాడు. అవును, వాడు చూశాడు, తాను చూడలేదు. ఇటువంటి ఆట మళ్ళీ పుడుతుందా? దాన్ని ఆ పాల ధరల మనిషీ, ఆ మేజోళ్ళ మనిషీ చూశారు. గెలిచిన సంతోషం ఆమె గొంతు దిగలేదు. మాడిన మాంసాన్ని కత్తితో గీకుతుంటే కళ్ళు చెమర్చాయి, పొగవల్ల అని తనకు తానే చెప్పుకుంది.

హార్లన్ వస్తూనే టోపీ గాల్లోకి విసిరాడు. "మామయ్యా! ఏం ఆట, ఏం ఆట! జన్మకి ఒక్కసారి!"

కూర్చోగానే మొదలుపెట్టాడు. బంతి మబ్బుల్లోకి ఎక్కి దిగిందన్నాడు. పట్టినవాడు పిల్లిలా వంగి జారిపోయాడన్నాడు. వెర్నా చేతిలో గరిటె ఆగింది. మబ్బులూ పిల్లీ ఆమెకు కొత్త కాదు, మధ్యాహ్నం అదే వరసలో రేడియోలో విన్నవే.

సిరిల్ ముందుకు వంగాడు. "అదంతా విన్నాంలే అబ్బాయ్. నాకొక్కటి చెప్పు. సొంత గీత దగ్గర ఇరుక్కున్నారు చూడు, అప్పుడు రేడియో పోయింది. అక్కణ్ణించి ఎలా బయటపడ్డార్రా? ఎవరు పట్టారు?"

హార్లన్ రొట్టెకు వెన్న రాశాడు. రాసిందాని మీదే మళ్ళీ రాశాడు. "అప్పుడా... మా ముందు ఒక లావుపాటాయన లేచి నిలబడ్డాడు మామయ్యా. కనబళ్ళేదు."

"అయ్యో పాపం," అంది వెర్నా. గొంతులో తేనె కారుతోంది. "ఆ కొస నుంచి ఈ కొసకి పరిగెత్తేదాకా ఆయన అలాగే నిలబడ్డాడా హార్లన్? గోడేమో!"

"జనం అట్లా ఉన్నారు వదినా. నీకేం తెలుస్తుంది, నువ్వు రాలేదుగా."

"నేను రాలేదు. నువ్వో?"

ఆర్లీన్‌కి అబద్ధమాడటం చిన్నప్పటి నుంచీ రాదు. కిసుక్కున నవ్వేసింది. "చెప్పెయ్యరాదూ! సగానికే లేచొచ్చాం నాన్నా. ఎలాగూ ఓడిపోతున్నారు, రోడ్డు ఖాళీగా ఉంటుంది, పాలు పిండే వేళకి చేరతాం అన్నాడు. మిగతాది కొట్టంలో ఆవుల పక్కన రేడియోలో విన్నాం."

హార్లన్ చెవులు బీట్‌రూట్ ముక్కల్లా ఎర్రబడ్డాయి. "ఆవులకి స్కోరు తెలుస్తుందా మామయ్యా? పొదుగులు బిగిస్తే అరుస్తాయి."

వెర్నాకు ఒళ్ళంతా చల్లబడింది. ఇన్నేళ్ళ మంట మీద ఎవరో బిందెడు నీళ్ళు గుమ్మరించినట్టయింది. ఎదురుగా ఉండి కూడా చూడలేదు! వాళ్ళూ చూడలేదు! చేతులు ఎప్రాన్‌కు తుడుచుకుని తండ్రి ఎదుట నిలబడింది.

"ఇప్పుడు చెప్పు నాన్నా. లేచి వచ్చేసే వాళ్ళకా ఆ సీట్లు రాసిస్తావు? నేనైతే మంచులో కూరుకుపోయినా కదిలేదాన్నా? మొగుడు లేడనేగా నాకివ్వనిది. ఆ మాట వీళ్ళ ముందే అను."

సిరిల్ పళ్ళెం పక్కకు నెట్టాడు. "మొగుడి సంగతి కాదే. నువ్వు అక్కడికి పోతే, ఇక్కడ రేడియో దగ్గర నా పక్కన ఎవరు కూర్చుంటారు?"

ఆ మాటకు పొంగిపోవాలో, ఇన్నేళ్ళూ దోచుకున్నాడని తిట్టాలో వెర్నాకు తెలియలేదు. రెండూ చేయలేదు. గడియారం కింద సొరుగు తీసి, రాబోయే ఆట టికెట్లు రెంటిలో ఒకటి తీసి జేబులో వేసుకుంది.

"ఆర్లీన్ కూర్చుంటుంది. మేజోళ్ళు ఎక్కడైనా అల్లచ్చు."

రెండు వారాల తరువాత ఆమె ఆ సీట్లో కూర్చుంది. పచ్చటి మైదానం ఇంత చిన్నదా అనిపించింది. సన్నటి వాన, బురద, స్కోరు ఆరుకి మూడు. ఎవరూ ఎక్కడికీ పరిగెత్తలేదు. హార్లన్ పక్కసీటాయనకు పాల ధర చెబుతున్నాడు. అయినా ఆమె చివరిదాకా కదల్లేదు. కానీ మనసు మైదానం మీద లేదు. ఇప్పుడు నాన్న ఏమంటుంటాడు? ఆర్లీన్‌కి ఒక్క ముక్కా అర్థం కాదు, ఎవరితో అంటాడు? తన స్టూలు మీద అది కూర్చుందా, వేరే కుర్చీ లాక్కుందా? కోరి తెచ్చుకున్న సీట్లో కూర్చుని, ఇంట్లో రేడియో పక్కన కూర్చున్న చెల్లెల్ని తలుచుకుని ఏడ్చింది. కడుపుమంటకు కూడా అలవాటైన చోటు కావాలేమో!

ఇంటికి వచ్చేసరికి సిరిల్ కుర్చీలో కునుకు తీస్తున్నాడు. ఆర్లీన్ స్టూలు మీదే ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఆట ఎలా ఉంది అక్కా?"

"బాగుంది. నాన్న నిన్ను విసిగించాడా?"

"లేదే. రేడియో కట్టేయమన్నాడు. మధ్యాహ్నమంతా అమ్మ గురించే చెప్పాడు. ఎక్కడ కలిసిందో, పెళ్ళికి ముందు ఏం రాసిందో, చివర్న ఆసుపత్రిలో ఏమందో. నాకు ఒక్కటీ తెలీదు అక్కా, చిన్నదాన్ని కదా అప్పుడు." ముక్కు తుడుచుకుంది. "నీకైతే ఇవన్నీ ఎన్నిసార్లు చెప్పుంటాడో."

ఆ ఇంట్లో అన్నేళ్ళలో సిరిల్ వెర్నా దగ్గర తల్లి పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. వెర్నా తడిసిన కోటు విప్పి మేకుకు తగిలించింది.

"చాలాసార్లు," అంది.