ఊదాక నొక్కాలి

సౌదీలో మా రాబిగ్ ఆసుపత్రిలో జ్ఞానమణక్క కెమెరా బయటికి తీసిందంటే నర్సులందరికీ ఉన్నట్టుండి పనులు గుర్తొచ్చేవి. ఆవిడ తీసిన ఫోటోలో మనిషికి రెండు ముక్కులైనా ఉండేవి, అసలు ముక్కే లేకుండానైనా ఉండేది. ఒకసారి హాస్టల్లో మేమంతా పట్టుచీరలు కట్టుకుని వరసగా నిలబడ్డాం. ఆ ఫోటో ఇంటికి పంపితే మా అమ్మ ఫోన్ చేసి, "ఆ పొగలో ఏం చేస్తున్నారే షైనీ మీరంతా?" అని అడిగింది.

అక్కది రాజోలు. కాన్పుల వార్డులో ఆవిడ చేతుల మీద పుట్టిన పిల్లలు కొందరు అప్పటికే బడికి వెళుతున్నారు. నొప్పులతో వచ్చిన అరబ్బు ఆడవాళ్లు డాక్టరు ఎక్కడని అడగరు, "వేన్ సిస్టర్ మణి?" అంటారు. అక్కకి కోపం ముక్కు మీద ఉండేది. పట్టు పడితే ఉడుంపట్టే. జిద్దా వెళ్లినప్పుడు బలద్ బజార్లో కొట్టుకొట్టు తిరిగి, బేరమాడి, అమ్మేవాడికి నీరసం తెప్పించి కొన్న చిన్న డిజిటల్ కెమెరా అది. బొమ్మ అలికినట్టు వస్తే తప్పు కెమెరాదేనని ఆవిడ వాదన.

ఎక్స్‌రే గదిలో పనిచేసే కొర్నేలు గారు మాత్రం ఒప్పుకోలేదు. "చెయ్యి వణుకుతోందమ్మా. మా దగ్గర ఏం చెప్తాం? ఛాతీ నిండా గాలి పీల్చు, బిగబట్టు, కదలకు. నువ్వూ అలాగే చెయ్యి" అన్నారు. ఆ రోజు నుంచి అక్క ఫోటో తీసే ముందు బుగ్గలు పొంగేదాకా గాలి పీల్చి, కళ్లు ఎర్రబడేదాకా బిగబట్టేది. ఫోటోలు ఇంకా పాడయ్యాయి. ఎక్స్‌రేలో కదలకూడనిది పడుకున్నవాడు, ఫోటోలో కదలకూడనిది తీసేవాడు. ఆసుపత్రిలో ఇంతమందిమి ఉన్నాం, ఆ తేడా ఒక్కరికీ తట్టలేదు.

2006 వేసవిలో మాతో పనిచేసే ఏంజెల్‌కి ఎనిమిదో నెలలోనే కాన్పు అయింది. ఆడపిల్ల. బరువు తక్కువని ఇంక్యుబేటర్లో పెట్టారు. పాప బాగానే ఉంది. బాగాలేనిది తండ్రి యిర్మీయా.

అతను దేశానికి అవతలి ఒడ్డున, రాస్ తనూరాలో ఒక కాంట్రాక్టరు కింద వెల్డరు. రిఫైనరీ ఆపేసి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పని నడుస్తోంది, అది ముగిసేదాకా ఎవరికీ సెలవు లేదు. పాప అద్దాల పెట్టెలో ఉందని చెప్పగానే ఫోనులో అతని గొంతు మారిపోయింది. దానికి కారణం ఉంది. వాళ్ల మొదటి బిడ్డ మొగల్తూరులో పుట్టినప్పుడు కూడా అతను ఈ దేశంలోనే ఉన్నాడు. పరదేశంలో ఉన్నవాడు తట్టుకోలేడని ఇంట్లోవాళ్లు, "అద్దాల పెట్టెలో ఉంది, బాగానే ఉంది" అని చెబుతూ వచ్చారు. అప్పటికే బిడ్డని సమాధి చేసేశారు. ఇప్పుడు అదే మాట మేమూ చెబుతున్నాం.

"నిజం చెప్పండక్కా. పాప ఉందా, లేదా?" అన్నాడు జ్ఞానమణక్కతో.

"ఉందయ్యా బాబూ! ఇదిగో, ఏడుపు విను" అని ఫోను పాప వైపు పట్టుకుంది.

"కాన్పుల వార్డులో ఏడుపులకేం కరువండీ" అన్నాడు.

ఏంజెల్ చెబితే, ఎవరో నేర్పి చెప్పిస్తున్నారన్నాడు. శుక్రవారం దాకా చూస్తానని, తర్వాత ఎవరికీ చెప్పకుండా టాక్సీ ఎక్కి వచ్చేస్తానని తేల్చేశాడు. అలా వస్తే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఊరుకోడు. పారిపోయాడని హురూబ్ కేసు పెడతాడు. పోలీసులు పట్టుకుంటారు, జైల్లో పెట్టి అటునుంచి అటే ఇండియా పంపేస్తారు, మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు. బిడ్డ ఇక్కడ, తండ్రి అక్కడ. ఏంజెల్ ఏడ్చి ఏడ్చి పాలు తగ్గిపోయాయి.

"ఫోటో పంపితే సరి" అంది అక్క. మేం మొహాలు చూసుకున్నాం. ఆ గదిలోకి బయటి ఫోటోగ్రాఫరు రాకూడదు, కెమెరా ఫోన్లు తేకూడదు. ఇన్‌ఛార్జి సిస్టర్ అక్క కెమెరా ఒక్కదానికే, అదీ ఫ్లాష్ వెయ్యకూడదని, అనుమతి ఇచ్చింది. పిల్లల కళ్ల కోసం అక్కడ దీపాలు తగ్గించి ఉంచుతారు. అక్క బుగ్గలు పొంగించి ఫోటో తీసింది. నేనూ తీశాను. ఎవరు తీసినా అలుకుడే. ఉన్నవాటిలో నయమైనది ఆసుపత్రి లైబ్రరీ కంప్యూటర్లోంచి మెయిల్లో పంపాం.

యిర్మీయా వెంటనే ఫోన్ చేశాడు. "మొహం ఎందుకు చెరిపేశారండీ?" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

అక్క ఆ పూట అన్నం ముట్టలేదు. "నా చేతుల మీద ఎంతమంది పుట్టారే! ఒక్క పిల్ల మొహం వాళ్ల నాన్నకి చూపించలేకపోయాను" అని కళ్లు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్న ఎడారి వైపు నుంచి ఒకావిడ నొప్పులతో వచ్చింది. తొలిచూలు. ఊపిరి బిగబట్టి, అక్క చెయ్యి పట్టుకుని గజగజ వణికిపోతోంది. "బిగబట్టకు తల్లీ! నఫస్... ఊపిరి ఊదు, షువయ్యా షువయ్యా, మెల్లమెల్లగా" అని అక్క తన మామూలు పాట మొదలుపెట్టింది. ఆవిడ మెల్లగా ఊదింది. ఊదుతున్నకొద్దీ వేళ్లు సడలి, వణుకు తగ్గి, ఊపిరి పూర్తిగా పోకముందే చెయ్యి నిలకడగా ఆగింది. అక్క ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. నేను పక్కనే ఉన్నాను. ఉన్నట్టుండి, "ఓసి నా తెలివి తెల్లారా!" అంది.

కాన్పు సుఖంగా అయింది. తల్లినీ బిడ్డనీ సర్ది, చేతులు కడుక్కుని, అక్క స్టాఫ్ రూములోకి నడిచింది. సెలైన్ సీసా బల్ల మీద పెట్టి దాని మీది చిన్న అక్షరాలకి గురి చూసింది. మోచేతులు డొక్కలకి ఆనించుకుంది. హాయిగా గాలి పీల్చి, పెదాల మధ్య నుంచి మెల్లగా వదులుతూ, సగం పోయాక ఒక్క క్షణం ఆగి, మీట నొక్కింది. గట్టిగా నొక్కితే కెమెరా తల ఊపుతుందని, నాడి చూసినట్టు సుతారంగా. మొదటిది పోయింది. రెండోది కాస్త నయం. తీసుకుంటూ పోయింది. చివరికి తెర మీద బొమ్మ పెద్దది చేసి చూస్తే సీసా మీది అక్షరాలు చదవడానికి వచ్చాయి. "చదవవే షైనీ, చదువు!" అని నా వీపు మీద ఒక్కటిచ్చింది.

శుక్రవారం పొద్దున్నే పాప దగ్గరికి వెళ్లాం. అద్దంలో తన నీడ పడకుండా అక్క కెమెరాని అద్దానికి దగ్గరగా ఆనించింది. పాప కాళ్లు ఆడిస్తోంది. అక్క ఊదింది, ఆగింది, నొక్కలేదు. మళ్లీ పీల్చింది, ఊదింది. ఏంజెల్ నా భుజం పిండేస్తోంది. పాప ఆవలించింది, తర్వాత కళ్లు తెరిచి కదలకుండా చూసింది. అక్క ఊపిరి సగంలో ఉంది. క్లిక్.

ఆ ఫోటో చూసి ఏంజెల్ ఇన్నాళ్లకి నవ్వింది. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి. గుప్పిట్లో ముడతలు, మణికట్టు పట్టీ మీద తల్లి పేరు, పుట్టిన తేదీ స్పష్టంగా ఉన్నాయి. పరుగున వెళ్లి పంపాం. తర్వాత ఫోను ముందు కూర్చున్నాం. శుక్రవారం నమాజు అయి, మధ్యాహ్నం భోజనాలు కూడా అయ్యాయి. బయల్దేరిపోయాడేమోనని, ఫోను పనిచేస్తోందో లేదో ఎత్తి చూశాను.

ఫోను మోగింది. చాలాసేపు ఏడుపే వినిపించింది. తర్వాత, "అక్కా, వందనాలండీ. ఆ గడ్డం మా అమ్మదేనండీ. చొట్టతో సహా" అన్నాడు. వెనకాల ఎవరో తెలంగాణ యాసలో, "మాగ్గూడ సూపియ్యన్నా, జర జరుగు!" అని అరుస్తున్నారు. క్యాంపు ఆఫీసు కంప్యూటరు ముందు వాళ్ల గది మొత్తం గుమిగూడిందట. టాక్సీ మాట అతను ఎత్తలేదు. ఏంజెల్ ఫోను లాక్కుంది.

అక్క గదిలో అటూ ఇటూ నడిచింది. "చూశావా! చూశావా!" అని నాకు, గోడకి, దారిన పోతున్న కొర్నేలు గారికి చెప్పింది. "మీ ఎక్స్‌రే గాలి మీ దగ్గరే ఉంచుకోండి సార్!" అంటే ఆయన పాపం ఏమీ అర్థంకాక వందనం పెట్టారు.

షట్‌డౌన్ ముగిశాక యిర్మీయా సెలవు కాగితంతో, పెద్దమనిషిలా బస్సు దిగి వచ్చాడు. అప్పటికి పాప ఇంటికి వచ్చేసి, బుగ్గలు నిండి ఉంది. అతను జేబులోంచి ప్లాస్టిక్ వేయించిన ఫోటో తీసి, పాప మొహం పక్కన పెట్టి, అటొకసారి ఇటొకసారి చూశాడు. "ఈ పిల్లేనండీ" అన్నాడు. మేం పకపకా నవ్వాం. అతను నవ్వలేదు. బిడ్డని ఎత్తుకుని, మెడలో మొహం పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఇలా తిరగండి, ముగ్గురూ" అంది అక్క కెమెరా తీసి. ఈసారి ఎవరికీ పనులు గుర్తు రాలేదు. గోడ పక్కన నిలబడి, మేమంతా ఆవిడతో పాటు మెల్లగా గాలి వదిలాం.

ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. భార్య పక్కన యిర్మీయా, ఒక చేతిలో పాప, ఇంకో చేతిలో ఆ చిన్న ఫోటో. భూతద్దం పెట్టి చూస్తే, ఆ చిన్న ఫోటోలో కూడా పాప కళ్లు తెరిచే ఉన్నాయి.