డ్రైవరు ముందు చెప్పలేని జబ్బు

ఖతర్ రాజధాని దోహా శివార్లలోని అల్ ఘర్రాఫాలో ఒక కిరాణా దుకాణానికీ దర్జీ కొట్టుకీ మధ్య ఇరుక్కున్నట్టుండే చిన్న ప్రైవేటు క్లినిక్కులో వేదవతి నర్సుగా పనిచేసేది. పొద్దుటి పూట ఈజిప్టు డాక్టరు ఒకాయన, సాయంత్రం సూడాన్ దేశపు డాక్టరమ్మ చూసేవారు. చుట్టుపక్కల విల్లాల్లో ఉండే కుటుంబాలూ, ఆ విల్లాల్లో పనిచేసే వంటవాళ్ళూ, ఆయాలూ, డ్రైవర్లూ చిన్నాచితకా జబ్బులకి అక్కడికే వచ్చేవారు.

వేదవతిది కొవ్వూరు. భర్త వేణుగోపాలరావు దోహాలో ఒక ఇండియన్ స్కూల్లో లెక్కల మాస్టారు. ఇద్దరూ అల్ హిలాల్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవారు. ఖతర్ రాకముందు వాళ్ళు నైజీరియాలో చాలా ఏళ్ళు గడిపారు. అక్కడ ఉత్తరాన, ఎడారి అంచున ఉన్న ఒక చిన్న పట్నంలో ఆయన బడిలో పాఠాలు చెబితే, ఆమె సర్కారీ ఆస్పత్రిలో పనిచేసింది.

ఆ ఆస్పత్రికి తలాతు అనే పిల్ల వచ్చింది. తొలి కాన్పు. నొప్పులు మొదలైనప్పుడు భర్త దూరపు సంతకి వెళ్ళాడు. ఆయన మాట లేకుండా కోడల్ని ఇల్లు కదిలించడానికి అత్తగారికి ధైర్యం చాలలేదు. ఆయన తిరిగొచ్చేసరికి వానకి దారి తెగిపోయింది. గాడిద బండి మీద ఆస్పత్రికి చేర్చేటప్పటికి బిడ్డ దక్కలేదు. తలాతు మాత్రం బతికింది.

తలాతుకి హౌసా తప్ప మరో భాష రాదు. వేదవతికి అప్పటికి హౌసా రాదు. మధ్యలో మాట చెప్పేది ఆస్పత్రి గుమాస్తా. ఎలా ఉందని అడిగిన ప్రతిసారీ బాగానే ఉందంటోందని చెప్పేవాడు. కొన్నాళ్ళకి వార్డు ఊడ్చే మనిషి మంచం కింద తడి గుడ్డల మూట చూసింది. కాన్పులో లోపల చిరిగి, ఒంటేలు ఆగకుండా కారిపోతోంది. ఆ సంగతి ఆ పిల్ల ఒక మగవాడి నోట చెప్పించుకోలేక, గుడ్డలు మార్చుకుంటూ, దాచుకుంటూ పడుకుంది. దూరాన ఉన్న పెద్ద ఆస్పత్రికి పంపించారు. అక్కడ ఆమెకి నయమైందో లేదో వేదవతికి ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత వేదవతి పట్టుబట్టి హౌసా నేర్చుకుంది.

దోహా వచ్చాక అలాంటి కష్టాలు వెనకబడిపోయాయనే అనుకుంది. అన్నీ తారు రోడ్లు. ఇంటి ముందు కార్లు. పెద్దాసుపత్రిలో లేని యంత్రం లేదు. మనిషి వెళ్ళడమే తరువాయి అనిపించేది.

అంకాలమ్మ క్లినిక్కుకి రావడం మొదలుపెట్టింది తొంభై ఆరు చివర్లో. కడప జిల్లా చిట్వేలి పక్క పల్లె. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని అన్న దగ్గర వదిలి ఇంటి పనికి ఖతర్ వచ్చింది. ఆమెని తీసుకొచ్చేది ఆమె పనిచేసే ఇంటి డ్రైవరు మహబూబ్. అతనిదీ ఆ చుట్టుపక్కల ఊరే. అంకాలమ్మకి వంటింట్లో సరిపోయేంత అరబ్బీ వచ్చు గానీ డాక్టరు దగ్గర మాట్లాడేంత రాదు. మహబూబ్ గలగలా మాట్లాడేవాడు. డాక్టరు అతన్ని అడిగేవాడు, అతను ఆమెని అడిగేవాడు.

"ఏం వదినా, ఏమైంది చెప్పు."

"కడుపు నొప్పి అని చెప్పు నాయనా."

డాక్టరు బిళ్ళలు రాసేవాడు. ఆమె మళ్ళీ వచ్చేది, మళ్ళీ కడుపు నొప్పే. ఒకసారి కారం తగ్గించమన్నాడు, ఒకసారి గ్యాసుకి మందిచ్చాడు. ఆయన మోటు మనిషేం కాదు. బయట బెంచీల నిండా జనం ఉండేవారు, చెప్పిన నొప్పికి మందిచ్చేవాడు.

ఒకరోజు సూది మందు వేయడానికి వేదవతి ఆమెని లోపలి గదిలో కూర్చోబెట్టింది. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది. గోళ్ళలో రంగు లేదు. వేదవతి తెర లాగి, తలుపు మూసి వచ్చింది.

"అంకాలమ్మా, నీకు నొప్పి ఎక్కడ? నాకు చెయ్యి పెట్టి చూపించు."

అంకాలమ్మ తలుపు వైపు చూసింది.

"అతను బయట ఉన్నాడు. వినపడదు. బహిష్టు సరిగ్గా అవుతోందా నీకు?"

అంకాలమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "నిలిచేదే ల్యాదమ్మా. ఎండాకాలం కాణ్ణుంచి ఇట్లే పోతాండాది. గడ్డలు గడ్డలు పడతాది. మిద్దె మెట్లెక్కితే కండ్లు తిరుగుతాయి. ఉన్న పాత చీరలన్నీ చించి వాడేసినా."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవురితో చెప్పేది? ఆ మహబూబు మా పక్కూరోడు. మంచోడే, కాదన్ల్యా. ఆడోళ్ళ ముట్టు సంగతి వాని నోటితో డాక్టరుకు చెప్పిచ్చుకునేదెట్లా? రేపు వాడు లీవుకు పోతే ఊర్లో తెలవదా?" మళ్ళీ అంది. "మామాకు తెలిస్తే ఈ మనిషి పనికి రాదని ఇంటికి పంపిచ్చేస్తాది. అట్ల పంపిచ్చినోళ్ళను చూసినా నేను."

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. పనివాళ్ళందరూ అలాగే పిలిచేవారు.

వేదవతికి తలాతు గుర్తొచ్చింది. అక్కడ గాడిద బండి, తెగిన దారి. ఇక్కడ గుమ్మం ముందు చల్లటి కారు. రోగి మాత్రం అదే తీరుగా నోరు మూసుకుని కూర్చుంది. ఇక్కడికి రావడానికి యజమానురాలు ఊ అనాలి. వచ్చాక డ్రైవరు మాట చెప్పాలి. వైద్యానికి వెళ్ళే దారి అంతా వేరేవాళ్ళ చేతుల్లోనే ఉంది.

సూడాన్ డాక్టరమ్మతో చెప్పి, మర్నాడు సాయంత్రం అంకాలమ్మని రప్పించింది. మహబూబ్ ఎప్పటిలాగే వెంట లోపలికి రాబోయాడు. "నువ్వు బయట కూర్చో బాబూ, నేను చూసుకుంటాను" అంది వేదవతి. అతను ఆశ్చర్యపోయి ఆగిపోయాడు. వేదవతి తెలుగులో అడిగి ఇంగ్లీషులో చెప్పింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, గర్భసంచిలో పెద్ద గడ్డ ఉందనీ, ఒంట్లో రక్తం బాగా పడిపోయిందనీ, పెద్దాసుపత్రికి వెంటనే పంపాలనీ చెప్పింది.

పంపాలంటే కఫీల్ ఒప్పుకోవాలి. ఖతర్లో పనికి పిలిపించుకున్న ఆ యజమాని మాట లేకుండా పనిమనిషి ఏ ఆస్పత్రిలోనూ చేరడానికి వీల్లేదు. వేదవతి ఆ ఇంటికి ఫోన్ చేసింది. మామా మర్యాదగానే మాట్లాడింది, కానీ ఆమెకి అది తొందర పని అనిపించలేదు.

"రమదాన్ వచ్చేస్తోంది సిస్టర్. ఇంటి నిండా చుట్టాలు. పండగ అయ్యాక తీసుకెళ్తాంలే."

ఆ శుక్రవారం వేదవతి భర్తని బయల్దేరదీసింది.

"పిలవని ఇంటికి ఎలా వెళ్తాం? నీ ఉద్యోగానికి ఎసరొస్తుందేమో చూసుకో" అన్నాడు వేణుగోపాలరావు, కారు తాళాలు తీస్తూనే.

"మీరు కార్లోనే కూర్చోండి. ఆడవాళ్ళ మాటలు నేను మాట్లాడుకుంటాను."

విల్లాలో ఆమెని బాగానే కూర్చోబెట్టి కాఫీ, ఖర్జూరాలు ఇచ్చారు. మామా పక్కనే ఆమె అత్తగారు, నల్లటి బుర్ఖాలో ముసలావిడ, కూర్చుని వింటోంది. వేదవతికి వచ్చిన అరబ్బీ తక్కువే. ఉన్న మాటల్తోనే నెత్తురు అంది, ఎన్ని నెలల నుంచో అంది, చచ్చిపోవచ్చు అని కూడా అంది. ఆ మాట వినగానే మామా ముఖం గంటుపెట్టుకుంది.

"నాకెప్పుడూ చెప్పలేదే. పని తప్పించుకోడానికి పడుకుంటోందనుకున్నాను. నేనేం మనిషిని కాదా, అడిగితే కాదంటానా?"

అంకాలమ్మని పిలిచి నిలదీసింది. అంకాలమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. తెలుగులోనే, వేదవతి వైపు తిరిగి చెప్పింది. "చెప్తే పంపిచ్చేస్తారని చెప్పల్యాదమ్మా. పోయినామెను అట్లే పంపిచ్చినారంట కదా."

వేదవతి దాన్ని మెత్తబరచకుండా ఉన్నదున్నట్టు అరబ్బీలో పెట్టింది. అంతకుముందున్న పనిమనిషిని జబ్బు చేసిందని పంపేసిన మాట నిజమే. ముసలావిడ కోడలితో ఏదో చిన్నగా అని, అంకాలమ్మని దగ్గరికి రమ్మంది. ఆమె అరచెయ్యి తిప్పి చూసి, తన కాన్పుల్లో ఒకసారి ఇలాగే నెత్తురు పోయి బతికి బట్టకట్టానని చెప్పింది. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో డాక్టరే లేడట.

"రమదాన్‌కి వంట నేను చూసుకుంటాను. దీన్ని తీసుకెళ్ళు. యల్లా, కదులు" అంది కోడలితో.

మర్నాడు మామాయే స్వయంగా ఆస్పత్రికి తీసుకెళ్ళింది. రక్తం ఎక్కించి, ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు. కోలుకునేవరకు తన ఇంట్లో ఉంచుకుంటానని వేదవతి అడిగితే మామా ఒప్పుకుంది. ఆమెకీ అదే తేలిక అనిపించి ఉంటుంది.

అల్ హిలాల్ ఫ్లాట్‌లో అంకాలమ్మ మొదట కింద చాప మీదే పడుకుంటానని పట్టుబట్టింది. కుట్లు లాగుతాయని వేదవతి కోప్పడితే గానీ మంచమెక్కలేదు. మాస్టారు గదిలోకి వస్తే లేచి నిలబడబోయేది. ఆయన పాపం వంటింట్లోకి పోయి పేపరు చదువుకునేవాడు. వేదవతి చారు పెడితే, "దీంట్లో ఏం రుచుండాదక్కా, ఊరిమిండి ల్యాకుండా" అని రెండో ముద్ద నుంచి వంక పెట్టేది. ఊరిమిండి అంటే వాళ్ళ వైపు పచ్చడి. అమ్మా అనడం మానేసి అక్కా అని ఎప్పుడు మొదలుపెట్టిందో వేదవతి గమనించలేదు.

ఒక సాయంత్రం మహబూబ్ బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి వేదవతితో అన్నాడు.

"ఇన్ని దినాలు నేనే తీసకపోయి తీసకొచ్చినా సిస్టర్. ఇంత పెద్ద జబ్బని నాకు తెలవకపాయె. నేను ఊర్లో చెప్తానని అనుకున్నిందంట కదా. అంత అన్యాయంగా కనపడ్తినా నేను?"

"నీ తప్పు లేదు బాబూ. నువ్వు చెప్పినా చెప్పకపోయినా ఆమె నీ ముందు నోరు విప్పగలిగేది కాదు. మీ అక్కయితే నీ ముందు చెబుతుందా?"

అతను బత్తాయిలు గుమ్మం పక్కన పెట్టి, "చెప్పదులే" అన్నాడు. లోపలికి తల వంచి, "ఒదినా, ఇంగ నేను డాక్టరు రూములోకి రాను. బయటే ఉంటా. నువ్వు నిమ్మళంగా చెప్పుకో" అన్నాడు. మంచం మీద నుంచి అంకాలమ్మ నవ్వింది. కుట్లు నొచ్చి వెంటనే పొట్ట పట్టుకుంది.

తర్వాత వేదవతి క్లినిక్కులో ఈజిప్టు డాక్టరుతో మాట్లాడింది. ఆడవాళ్ళు వస్తే ముందు తనో, మరో ఆడమనిషో ఒంటరిగా అడుగుతామని, డ్రైవర్లని బయట ఉంచుదామని. అన్ని భాషలు ఎవరికొచ్చని ఆయన విసుక్కున్నాడు. తుడిచే శ్రీలంక అమ్మాయికి సింహళం, తమిళం వచ్చు. రిసెప్షన్‌లో ఫిలిప్పీన్స్ పిల్ల ఉంది. వేదవతికి తెలుగు, హిందీ వచ్చు. సర్దుకోవచ్చంది. ఆయన తల అడ్డంగా ఊపాడు గానీ వద్దనలేదు. నెలా రెండు నెలలు గడిచాక, తలుపు దగ్గర డ్రైవర్లని ఆయనే ఆపడం మొదలుపెట్టాడు.

అందరికీ అది కలిసిరాలేదు. అల్ తుమామా నుంచి ఒక తెలుగామె రొమ్ములో గడ్డతో వచ్చింది. వేదవతి అన్నీ అడిగి, మళ్ళీ రమ్మని చెప్పింది. ఆమె రాలేదు. ఫోన్ చేస్తే ఆ పేరుగల మనిషి ఇంట్లో లేదన్నారు. ఊరికి పంపించారో, వేరే ఇంట్లో పెట్టారో తెలియలేదు. వేదవతి కొన్నాళ్ళు ఆమె గురించే మాట్లాడుతూ ఉండేది, వేణుగోపాలరావు వింటూ ఉండేవాడు.

అంకాలమ్మని మామా మాన్పించలేదు. బరువులెత్తే పని మరొకరికి అప్పగించింది. తొంభై ఎనిమిదిలో అంకాలమ్మకి లీవు దొరికింది. వెళ్ళేముందు అల్ హిలాల్ వచ్చి భోంచేసింది.

"ఊళ్ళో ఆపరేషన్ సంగతి చెబుతావా?" అని వేదవతి అడిగింది.

"ఏమో అక్కా. చూస్తా."

తిరిగొచ్చాక కమలాపండ్లు ఒలుస్తూ తనే చెప్పుకొచ్చింది. ఇంటికి పోయిన నాలుగు దినాలకి, అన్న పెండ్లాం పెరట్లో గుడ్డలుతుకుతూ ఒక్కసారిగా కూలబడిందట. ఉతికిన నీళ్ళు ఎర్రగా ఉండటం చూసి అంకాలమ్మకి అర్థమైంది. వదినని లోపలికి తీసుకుపోయి, తలుపేసి, తన పొట్ట మీది కోత చూపించింది. అప్పుడు గానీ ఆమె నోరు తెరవలేదు. అన్న మొదట నాటు మందు చాలన్నాడు. అంకాలమ్మ వినకుండా బస్సెక్కించి తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు గదిలోకి అన్నని రానివ్వలేదు.

"ఎందుకు రానిచ్చల్యాదని మా యన్న ఇప్పటికీ అలిగుండాడు" అంది అంకాలమ్మ, పండు తొన వేదవతి చేతిలో పెడుతూ. "అలగనీలే. వదిన లేచి తిరుగుతాంది."