మధ్యాహ్నం మొరాయించే పంపు

ఎడారి అంచున ఉన్న ఎయిర్‌స్ట్రిప్‌లో ట్రక్కు దిగేసరికి మధ్యాహ్నం పన్నెండయింది. మే నెల. నీడలోనే నలభై ఆరు డిగ్రీలు. ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు, రెండు చిన్న విమానాలు. ఒక్కోదానిలో ఇద్దరు పడతారు. సరిహద్దు వెంట తక్కువ ఎత్తులో తిరిగి చూసి రావడం వాటి పని. వాటి ఇంజన్లు ఆగకుండా చూడడం నా పని.

షెడ్డు బాధ్యత ఒక హవల్దార్‌ది. మా ఊళ్లోనే కార్వాన్ బస్తీ మనిషి. నాది పాతబస్తీలో లాల్‌దర్వాజా అనగానే అంత ఎండలోనూ ఆయన ముఖం విప్పారింది.

"ఇగ నీకు ఫికరేంది తమ్మీ. ముందుగాల నీళ్లు తాగు, సెల్యూట్ తర్వాత" అన్నాడు.

ఆ రోజు నుంచి డ్యూటీలో హవల్దార్ సాబ్, డ్యూటీ దిగాక అన్న.

ఆయనకు అప్పటికే ఒక తలనొప్పి ఉంది. రెండో విమానంలో పెట్రోలు పంపు మొరాయిస్తోంది. ఈ ఇంజన్లకు రెండు పంపులుంటాయి. ఇంజనుతో పాటు తిరిగేది అసలు పంపు. అది ఆగితే ఆదుకోవడానికి ట్యాంకు దగ్గర కరెంటు పంపు, పైలట్ చేతికందేలా దాని స్విచ్. అసలు పంపు పొద్దున బుద్ధిగా పనిచేసేది, మధ్యాహ్నం చేతులెత్తేసేది. అప్పటికి రెండు కొత్త పంపులు బిగించి చూశారు. మూడోదీ ఆగితే లోపం బిగించడంలోనే ఉందని తేల్చి, హవల్దార్‌ను షెడ్డు నుంచి తప్పిస్తామని పైనుంచి మాట వచ్చింది. జీవితమంతా ఇంజన్లతో గడిపిన మనిషికి అంతకంటే అవమానం లేదు.

మూడో పంపును నా చేత బిగించాడు. ప్రతి బోల్టునూ తాను మళ్లీ చూశాడు. మా దళంలో ఒక ఆనవాయితీ ఉండేది. పంపు బిగించినవాడే, పరీక్షకు ఎగిరేటప్పుడు పైలట్ పక్కన కూర్చోవాలి. సాకులు చెల్లవు. నా పని మీద నాకు బోలెడు నమ్మకం, కాబట్టి ఎగిరి గంతేసి కూర్చున్నాను.

పొద్దున ఎగిరాం. పెట్రోలు ఒత్తిడి చూపే సూది చెక్కుచెదరలేదు. దిగగానే మావాళ్లు పరుగెత్తుకొచ్చి ఇంజను మీద బొంత కప్పేశారు. ఆ దళం అంతకుముందు మంచుకొండల్లో ఉండేది. అక్కడ ఇంజనులో వేడి పోకుండా అలా కప్పేవాళ్లు. ఎడారికి వచ్చాక ఇసుక పడకుండా అని చెప్పి అదే అలవాటు కొనసాగించారు. ఎవరు ముందు కప్పుతారా అని పోటీ కూడాను.

మధ్యాహ్నం బొంత తీసి మళ్లీ ఎగిరాం. ఐదు వందల అడుగుల దగ్గర, విమానం నడుపుతున్న కెప్టెన్ కరెంటు పంపు ఆపాడు. అసలు పంపు ఒక్కటే ఇంజన్ను నడపాలి, పరీక్ష అదే. సూది వణికి కిందికి పడిపోయింది. ఇంజను రెండుసార్లు దగ్గి మూగబోయింది. నాకు భయమేసింది, దాచడమెందుకు. కెప్టెన్ తొణకలేదు. ముక్కు కిందికి వంచి, కరెంటు పంపు స్విచ్ వేశాడు. కొద్ది క్షణాలకు ఇంజను అందుకుంది. చుట్టు తిరిగి రన్‌వే మీద దిగాం.

ఎప్పటిలాగే బొంత వచ్చింది. హవల్దార్ చేయెత్తి ఆపాడు. ఇంజను మూత తెరిచి, పంపు మీద చేయి పెట్టి చటుక్కున తీసేశాడు. పొద్దున దిగినప్పటి నుంచి బొంత కిందే ఉందా అని అడిగాడు. అవునన్నాను. ఆయన బొంత వైపు చూశాడు.

"పంపు మంచిదే తమ్మీ. మనమే దాన్ని బొంత కింద ఉడకబెట్టినం. పెట్రోలంతా ఆవిరైతే అదేం గుంజుతది?"

కెప్టెన్ కూడా ఒప్పుకున్నాడు. పంపు మార్చలేదు. పెట్రోలు గొట్టానికి వేడి తగలకుండా తొడుగు వేశాం. మరునాడు పొద్దున ఎగిరి దిగగానే మూతలు తెరిచి వేడి పోనిచ్చాం. మధ్యాహ్నం మండుటెండలోనే మళ్లీ ఎగరాలని నేనే పట్టుబట్టాను. కరెంటు పంపు ఆపినా సూది నిలబడింది. నేను బదిలీ అయ్యేదాకా అదే పంపు నడిచింది. హవల్దార్ ఆ షెడ్డు నుంచే గౌరవంగా రిటైరయ్యాడు.

నేనూ సర్వీసు ముగించి లాల్‌దర్వాజాకు తిరిగొచ్చాను. యుద్ధం చూశావా, కాల్పులు చూశావా అని గల్లీలో అడుగుతుంటారు. లేదంటే నిరాశపడతారు. నేను చూసింది వేరు. ఇంజను మూగబోయిన ఆ కొద్ది క్షణాల్లో కిందికి చూశాను. ఇసుకలో హవల్దార్ పరుగెడుతున్నాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. నిప్పార్పే సిలిండర్‌ను రెండు చేతులా గుండెకు హత్తుకున్నాడు. పంపు, పరువు ఏవీ ఆయనకు ఆ నిమిషంలో గుర్తున్నాయనుకోను. ఇసుక మీద మా విమానం నీడ ముందుకు జారిపోతోంది, ఆయన దాని వెంట పరుగెడుతున్నాడు.