రాజ్యం నడుముకు ఏమీ కాలేదు

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా స్నేహితురాలిని ఇక్కడ రాజ్యం అంటాను. అసలు పేరు రాయడానికి ఇప్పటికీ భయమే. కళింగపట్నంలో చేపలు ఎండబెట్టి అమ్మేవాళ్ల అమ్మాయి. నాది ఆమదాలవలస, నాన్నకు బియ్యం కొట్టు. ఇద్దరం వెయిట్‌లిఫ్టర్లం, విజయనగరంలో ఒకే గదిలో ఉండి నేర్చుకున్నాం. ఆమె నాకంటే నాలుగు కిలోలు ఎక్కువ ఎత్తేది. ఎప్పుడూ.

విదేశంలో ఒక పెద్ద పోటీకి ఆమె ఎంపికైంది. ఆమెకు ఏమైనా అయితే దిగడానికి నన్నూ తీసుకెళ్లారు. అక్కడ ఒక విలేకరి అడిగితే రాజ్యం ఉన్నది చెప్పేసింది. శిక్షణ శిబిరంలో చిన్నపిల్లలతో తప్పుగా ప్రవర్తించిన అధికారిని మన ప్రభుత్వమే కాపాడుతోందని. జట్టుతో వచ్చిన ప్రభుత్వం మనిషి ఆమెను పిలిచి, అదంతా అబద్ధమని కెమెరా ముందు చెప్పమన్నాడు. ఆమె చెప్పనంది.

మర్నాడు టిఫిను దగ్గర ఆ మనిషే నన్ను పక్కకు పిలిచాడు. రాజ్యానికి నడుం పట్టేసిందని, గదిలో ఉన్నదాన్ని కాబట్టి నేను చూశానని రాసివ్వాలి. ఆమె బదులు నేను దిగుతాను. దేశం పరువు అన్నాడు. నేను భయపడ్డానా? పడ్డాను. కానీ ఉత్త భయమే అయితే రాసేటప్పుడు చెయ్యి వణకాలి కదా. వణకలేదు. నా అక్షరాలు అంత గుండ్రంగా ఎప్పుడూ రాలేదు.

గదిలోకి వెళ్లేసరికి రాజ్యం బట్టలు సర్దుకుంటోంది.

"ఒసే, నాకు నడుం నొప్పని ఎవులో రాసిచ్చారట. నీకేటైనా తెలుసేటి?"

"నాకేటి తెలస్తాది? నాను టిఫిను కాడున్నాను."

"నీకు తెలిస్తే సెప్పేస్తావులే," అంది. "ఏడవకు. ఎల్లి బాగా ఎత్తు. నా బెల్టు అట్టుకెల్లు, నీది వదులైపోనాది."

ఆమె బెల్టు కట్టుకునే వేదిక ఎక్కాను. ఆరో స్థానం. ఆమె మామూలుగా ఎత్తే బరువుకు మూడోది వచ్చేది.

ఆ పోటీలో దిగినందుకు నాకు ఉద్యోగం వచ్చింది. ఆమెను మళ్లీ ఏ శిబిరానికీ పిలవలేదు. ఆ శిబిరం అధికారి మాత్రం మరికొన్నేళ్లు అక్కడే ఉన్నాడు. ఆ ఏళ్లలో అక్కడికి వెళ్లిన పిల్లల గురించి ఆలోచించకుండా ఉండటం నేర్చుకున్నాను. నేర్చుకున్నానా?

రాజ్యం పెళ్లికి పిలిచింది, వెళ్లలేదు. ఎవరితోనైనా చనువు పెరిగితే నోరు జారుతుందేమోనని ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు. ఆదివారాలు క్వార్టర్‌లో ఒక్కదాన్నే వండుకుని, టీవీ పెట్టుకుని, అది చూడకుండానే తింటాను. ఆమె ఫోన్ చేస్తే పనిలో ఉన్నానంటాను. ఆమె నమ్ముతుంది. అదే భరించలేను.

క్షమించమని అడగను. అడిగితే ఆమె క్షమించేస్తుందేమో. అప్పుడు నేనేం చెయ్యాలి?

ఇన్నాళ్లూ ఇది నా ఒక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు. అంతే.